ఉపవాసపు కుండలో గరిటెడు కొవ్వు

మా అత్తగారు వెతూరియా ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం మా ఊళ్ళో పెళ్ళయినా చావయినా పొయ్యి వెలిగించింది ఆవిడే. రొమేనియాలో ఎక్కడికెళ్ళినా సర్మాలె చుడతారు, ప్రతి ఊరూ తన సర్మాలే గొప్పవంటుంది. మా సోమెష్ లోయలో మాత్రం ఆ మాట అనే ముందు జనం మా ఇంటివైపు ఒకసారి చూసేవాళ్ళు. పీపాలో ఊరిన క్యాబేజీ ఆకును ఆవిడ అరచేతి మీద పరిచేది. వెన్ను ఈనె చాకుతో చెక్కేసి, మాంసమూ బియ్యమూ కలిపిన ముద్ద పెట్టి, ఒక్క మెలికతో చుట్టి, రెండు కొసల్నీ బొటనవేలితో లోపలికి తోసేది. నేను ఒకటి చుట్టేలోపు ఆవిడవి నాలుగు కుండలో కూర్చునేవి.

"ఏమిటే రఫీలా ఇవి? తాగుబోతు కట్టుకున్న పంట్లాంలా జారిపోతున్నాయి," అనేది నావి చూసి. "పోన్లే, ఉడికి విడిపోతే సూప్ అని చెప్పి పోసేద్దాం."

పక్కన ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళంతా పకపకా నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. అత్త మంచితనమూ వేపాకు తీపీ ఈ లోకంలో లేవని ఊరికే అనలేదు. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి, ఆవిడ చెడ్డది కాదు. ఎవరింట్లో కష్టమొచ్చినా పిలవకముందే గరిటె పట్టుకుని వెళ్ళేది. ఆవిడకున్న జబ్బల్లా ఒకటే, పొగడ్త. ఎవరైనా "వెతూరియా, నీ చెయ్యి చెయ్యి కాదు" అంటే చాలు, ఇంట్లో పొయ్యి ఆరిపోయినా పట్టేది కాదు.

క్రిస్మస్ ముందూ ఈస్టర్ ముందూ మాకు ఉపవాసాలు. మాంసం, పాలు, గుడ్డు ముట్టం. ఉపవాసం మొదలయ్యే రోజున ప్రతి ఇంటి ఆడదీ గిన్నెలన్నీ వాకిట్లో వేసి, మరిగే బూడిద నీళ్ళతో జిడ్డు వాసన పోయేదాకా తోముతుంది. మట్టికుండను ఎంత తోమినా లాభం లేదు, మట్టి కొవ్వును తాగేసి దాచుకుంటుంది. అందుకని ఉపవాసానికి కుండలే వేరు, అటక మీద బోర్లించి ఉంటాయి. ఆ కుండల్లో పెట్టే సర్మాలెలో పుట్టగొడుగులు, క్యారెట్, బియ్యం, నూనెలో వేగిన ఉల్లిపాయ, దంచిన అక్రోట్లు, సోయికూర కాడలు ఉంటాయి. మాంసం పేరెత్తకూడదు.

అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. మా అత్త చేతి మహిమంతా పందిమాంసంతోనూ, పొగలో ఆరబెట్టిన పక్కటెముకలతోనూ, గడ్డకట్టిన తెల్లటి పందికొవ్వుతోనూ ఉంది. ఉపవాసపు సర్మాలె ఆవిడ చేసినా, ఎవరు చేసినా ఒకటే. ఒక ఏడాది దిగువ వీధి యుస్తీనా ఒక ఉపవాసపు భోజనానికి వండితే జనం లొట్టలు వేసుకుంటూ తిన్నారు. రొట్టెల కొట్టు దగ్గర ఎవరో, "యుస్తీనా ఉపవాసపు సర్మాలె తిన్నాక వెతూరియావి తింటే ఎండుగడ్డి నమిలినట్టుంది," అన్నారు. ఆ మాట మా అత్త చెవిన పడనే పడింది. ఇంటికొచ్చి రొట్టెను బల్ల మీద విసిరేసింది.

"ఎండుగడ్డిట! వాళ్ళమ్మ జన్మలో తిన్నదా ఇలాంటివి?" అని రెండు వారాలు అదే పాట.

ఇక మా గోడ పక్క పరాస్కా సంగతి చెప్పాలి. ఆవిడా మా అత్తా బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. పెళ్ళయి వచ్చింది కూడా పక్కపక్క ఇళ్ళకే. కోడి గోడ దాటిందని పొద్దున్న తిట్టుకునేవాళ్ళు, సాయంత్రానికి ఒకే అరుగు మీద చిక్కుళ్ళు ఒలిచేవాళ్ళు. పరాస్కా మొగుడు సిమియోన్ ఆ ఏడాదే ఎండుగడ్డి కోతల్లో చేతిలో కొడవలి పట్టుకునే కూలిపోయాడు. పక్షవాతం. పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఒక పక్కంతా పడిపోయిందన్నారు.

ఆ ఆదివారం పరాస్కా గుడిలో మేరీమాత పటం ముందు మోకాళ్ళ మీద పడి ఊరంతా వినేలా మొక్కుకుంది. సిమియోన్ తన కాళ్ళ మీద నడిచి ఇంటి గుమ్మం దాటేదాకా మాంసం, కొవ్వు, పాలు, గుడ్డు నాలిక మీద పెట్టనని. మా ఊళ్ళో మొక్కంటే ఆషామాషీ కాదు. మొక్కి తప్పితే మొక్కనిదానికన్నా కీడని మావాళ్ళ నమ్మకం. పరాస్కా అన్నంత పనీ చేసింది. ఊరంతా వేపుళ్ళు తింటున్న రోజుల్లో కూడా ఉడికిన చిక్కుళ్ళతో గడిపింది. చూస్తుండగానే బుగ్గలు లోపలికి పోయాయి. అయితే అక్కడ ఆసుపత్రిలో సిమియోన్ కాలి వేళ్ళు కదిలిస్తున్నాడని కబురు వచ్చింది. "చూశావటే, వింటోంది తల్లి," అని గోడ మీంచి మా అత్తకి చెప్పి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే క్రిస్మస్ ఉపవాసాల్లో జహారియే మాస్టారు పోయారు. ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించిన మనిషి. చావు భోజనానికి ఊరు ఊరంతా వస్తుంది, దిగువ వీధి యుస్తీనా కూడా వస్తుంది. వంట మా అత్తది.

అప్పుడు జరిగింది నేను చూడలేదు. నాకు తర్వాత ఆవిడే చెప్పింది. పెద్ద కుండ ఉడుకు పట్టాక మూత తీసి ఊట నాలిక మీద వేసుకుందట. చప్పగా, నీళ్ళగా ఉందట. ఇంకాస్త ఉల్లిపాయ వేసింది, ఇంకాస్త పుట్టగొడుగు వేసింది, లాభం లేకపోయింది. నేలమాళిగలో కొవ్వు జాడీ ఉంది. వెళ్ళింది. ఒక గరిటె తీసుకొచ్చి కుండలో వేసి మూత పెట్టేసింది. "చచ్చినాయన తినడు, దేవుడికి వేరే పనులున్నాయి, తెలిసేదెవరికి అనుకున్నానే," అని చెప్పింది నాతో.

భోజనాలు మాస్టారి ఇంట్లోనే. పోయినవాళ్ళ పేరు మీద పెట్టిన అన్నం కాదనకూడదు. తీసుకున్నవాళ్ళు "దేవుడు ఆయనకి చేర్చాలి" అని తింటేనే అది అక్కడికి చేరుతుందంటారు. అందుకని పరాస్కా కూడా వచ్చి కూర్చుంది. ఉపవాసపు వంటే కదా, ఇబ్బందేముంది? ఒకటి తిన్నది, ఆగింది. తర్వాత రెండోది, మూడోది తిన్నది. ఆవిడ మొహంలోకి రంగు రావడం నేను చూశాను. ఫాదర్‌గారైతే ఏడు లాగించి, గడ్డం తుడుచుకుంటూ, "వెతూరియా, ఉపవాసం ఇంత రుచిగా ఉంటే ఇక ఈస్టర్ ఎందుకమ్మా?" అన్నారు. యుస్తీనా మొహం చూడాలి! మా అత్త ఏనుగెక్కినట్టు నిలబడింది.

లేచేటప్పుడు పరాస్కా శాలువా చాటు నుంచి చిన్న గిన్నె తీసి, "మిగిలితే రెండు వెయ్యవే, ఇంటికి పట్టుకెళ్తాను," అంది. మా అత్త చెయ్యి ఆగిపోయింది. పొగడ్తల హోరులో అప్పటిదాకా పరాస్కా మొక్కు ఆవిడకి గుర్తే రాలేదట. ఆ గిన్నె చూశాకే గుర్తొచ్చింది. అయినా నోరు తెరవలేదు. గిన్నె నింపి ఇచ్చింది.

వారం తిరక్కుండానే ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. సిమియోన్‌కి పక్షవాతం రెండోసారి వచ్చిందట. ప్రాణం నిలిచింది గానీ కాళ్ళు ఇక రావన్నారు. అంబులెన్సులో తెచ్చి, ఇద్దరు మనుషులు ఎత్తి, గుమ్మం దాటించి మంచం మీద వేశారు. ఆ ఇద్దరిలో ఒకడు మా ఆయన.

పరాస్కా ఏడవలేదు. మంచం పట్టె పట్టుకుని, "నేనెక్కడో తప్పాను," అంది. ఆ రోజు నుంచి అదే మాట. వంటింట్లో ఏ గరిటె నాకానో, ఎవరింట్లో ఏం ముట్టానో అంటూ రోజూ ఆరా. ఉన్న తిండి కూడా తగ్గించేసింది. నూనె మానేసింది, చిక్కుళ్ళు మానేసింది, ఇక మిగిలింది ఉప్పేసిన బంగాళాదుంపా, రొట్టె ముక్కా. లోపల్నించి సిమియోన్ వంకరపోయిన నోటితోనే అరిచేవాడు: "ఒసేయ్, నేనొక్కణ్ణి పడుకున్నది చాల్లేదా? నువ్వు కూడా పడితే నన్ను పక్కకి తిప్పేదెవరే?" నిజమే. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ మనిషి ఆయుష్షంతా ఆవిడ రెండు చేతుల్లో ఉంది.

ఒకరోజు పరాస్కా మా వాకిట్లోకొచ్చి మా అత్తని సూటిగా అడిగింది. "వెతూరియా, నాకన్నా నా సంగతి నీకే తెలుసు. నేనెక్కడ తప్పానే?"

మా అత్త కట్టెలు పేరుస్తోంది. తల ఎత్తకుండా, "ఎక్కడా తప్పలేదే. పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు," అంది.

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ తర్వాత మా అత్తకి ఏం పట్టిందో నాకు అర్థం కాలేదు. పిలవకుండానే వాళ్ళ కట్టెలు కొట్టించేది, వాళ్ళ పీపాలో క్యాబేజీ పాడవకుండా ఊటను కిందనుంచి దింపి మళ్ళీ పైన పోసేది, సిమియోన్ దుప్పట్లు ఉతికేది. పరాస్కా ఎదురుపడితే మాత్రం తేలు కుట్టిన దొంగలా పక్కకి తప్పుకునేది. ఇంట్లో ఉల్లిపాయలు మాడ్చేసింది. ఒకసారి నా సర్మాలె చూసి ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

క్రిస్మస్ ముందురోజు పండగకి కోసిన పంది పని ముగించి ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని పండగ సర్మాలె చుడుతున్నాం. బయట మా ఆయన కేక పెట్టాడు. పరాస్కా బావి దగ్గర మంచులో పడిపోయింది, బాల్చీ మీద తల కొట్టుకుంది. మోసుకెళ్ళి పొయ్యి పక్కన పడుకోబెట్టాం. ఎత్తినప్పుడు చూశాను, మనిషిలో బరువే లేదు. నర్సు వచ్చి కట్టు కట్టి, "దెబ్బ చిన్నదే. కానీ ఈవిడ ఇలాగే ఉంటే వసంతం చూడదు," అని చెప్పి వెళ్ళింది.

ఇంటికొచ్చి మా అత్త మళ్ళీ ఆకు అందుకుంది. చుట్టబోయింది, వేళ్ళు కదల్లేదు. ముద్ద బల్ల మీద పడింది. అప్పుడు చెప్పింది నాతో అంతా.

నేను ఆవిడ కోడల్ని, ఆ మాట మరిచిపోయి అరిచేశాను. "నీకు బుద్ధుందా అత్తా? ఒకరి మెచ్చుకోలు కోసం ఇంకొకరి మొక్కు నాశనం చేస్తావా? పైగా ఒట్టు కూడా వేశావు! ఆవిడ దుంపలు తిని చస్తుంటే కట్టెలు కొట్టించి సరిపెడతావా?"

"తిట్టు," అంది. "ఇంకా తిట్టు."

ఆ సాయంత్రమే ఆవిడ ఫాదర్‌గారి దగ్గరకి వెళ్ళింది. వచ్చాక చెప్పింది, విన్నంతసేపూ ఆయన ఒక్కో వేలూ మడుస్తూ కూర్చున్నారట. చివరికి, "ఏడు తిన్నానమ్మా నేను, ఏడు!" అన్నారట. తర్వాత గొంతు సవరించుకుని, తెలియక తిన్నవాళ్ళకి పాపం లేదు, పాపమంతా నీదే, ముందు వెళ్ళి ఆ పరాస్కాకి చెప్పి ఆవిడ ప్రాణం నిలబెట్టు, మిగతా లెక్క తర్వాత చూద్దాం అన్నారట.

పండగ రెండోరోజు వెళ్ళాం. కుండ నేను పట్టుకున్నాను. మాంసం సర్మాలె, పైన పక్కటెముకలు. పరాస్కా తలకి కట్టుతో పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెంలో ఒక దుంప, సగం కొరికింది. లోపలి గదిలో సిమియోన్ పడుకుని ఉన్నాడు, తలుపు ఓరగా వేసి ఉంది.

"ఏమిటే ఆ మొహం? పండగపూట శవాన్ని మోసుకొచ్చినట్టు," అంది పరాస్కా.

మా అత్త కూర్చోలేదు. "మాస్టారి భోజనం నాడు ఉపవాసపు కుండలో నేను కొవ్వు వేశాను పరాస్కా. పందికొవ్వు. పేరు కోసం వేశాను. నువ్వడిగితే లేదని ఒట్టు కూడా వేశాను. నీ మొక్కు నువ్వు తప్పలేదే, నేను తప్పించాను. నన్ను తిట్టు, కొట్టు, ఊరంతా చాటింపు వేయించు. నీ తప్పు మాత్రం ఏమీ లేదు. తిండి తినవే, నీకు దండం పెడతాను."

పరాస్కా దుంప పళ్ళెం పక్కన పెట్టింది. మొహాన ఉమ్ముతుందేమో, కేకలు పెడుతుందేమో అని నేను కుండతో అలాగే నిలబడిపోయాను.

"తెలుసు," అంది పరాస్కా.

"ఏం తెలుసు?"

"అరవై ఏళ్ళు కొవ్వు తిన్న నాలికే ఇది. ముద్ద నోట్లో పెట్టగానే తెలిసింది. ఉమ్మెయ్యాలి అప్పుడే. ఫాదర్‌గారు తింటున్నారు, అందరూ తింటున్నారు. వెతూరియా ఎందుకు వేస్తుందిలే, పుట్టగొడుగుల రుచేమో, పస్తులుండి నా నాలికే పిచ్చిదయిందేమో అనుకున్నాను. అలా అనుకుంటూనే రెండోది తిన్నాను, మూడోది తిన్నాను. ఆకలేసిందే. అన్ని నెలల ఆకలి. గిన్నెలో తెచ్చుకున్నవి తలుపు గడియ పెట్టుకుని తిన్నాను. అక్కడ ఆయన ముక్కులో గొట్టంతో పడి ఉన్నాడు, నేనిక్కడ వేళ్ళు నాకుతున్నాను."

"నేను వెయ్యకపోతే నువ్వు..."

"ఆగు. చెప్పనీ." గొంతు పెంచలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "నీ దగ్గరికి వచ్చి అడిగాను. ఒట్టు వేశావు. వెతూరియా లేదంటే లేదు, నాదే భ్రమ అనుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నానే. ఇప్పుడొచ్చి అది కూడా లాగేసుకున్నావు. నీ గుండె బరువు దిగిపోయింది. మరి నాకేం మిగిల్చావు?"

నిజం చెబితే తన ఒక్కదాని పాపమే బయటపడుతుందనుకుని వచ్చింది మా అత్త. నాకు ఆ ఇద్దరిలో ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఏడుపొచ్చింది.

"పరాస్కా!" లోపల్నించి సిమియోన్ ముద్దముద్దగా అరిచాడు. "సర్మాలె వాసనొస్తోంది! పండగపూట నాకు పెట్టరా? నేను చచ్చాననుకున్నారా?"

"వస్తున్నా," అని పరాస్కా లేవబోయి మళ్ళీ కూలబడింది. మా అత్త పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

మా అత్త అలాగే ఆవిడ ముందు నేల మీద కూర్చుండిపోయింది. "నీ మొక్కు నాకిచ్చెయ్," అంది.

"మొక్కంటే గోడ మీంచి అందించే జల్లెడనుకున్నావా?"

"చెల్లదనీ తెలుసు. దేవుడు ఒప్పుకుంటాడనీ అనను. కానీ ఎవరో ఒకరు మొయ్యాలిగా. నీకు ఆయన్ని తిప్పే పనుంది, ఎత్తే పనుంది. నాకేముంది? సిమియోన్ తన కాళ్ళ మీద నిలబడేదాకా కొవ్వు, మాంసం, గుడ్డు, పాలు నేను ముట్టను. నువ్వు తిను."

పరాస్కా కళ్ళు అప్పుడు నిండాయి.

"ఆయన ఇక నిలబడడే, వెతూరియా."

"తెలుసు," అంది మా అత్త.

నేను కుండ దించి మూత తీశాను. పరాస్కా మొదట సిమియోన్‌కి పళ్ళెంలో పెట్టి నాచేత పంపింది. నేను తిరిగి వచ్చేసరికి తను కూడా ఒకటి చేత్తో పట్టుకుని, నెమ్మదిగా, ఏడుస్తూ తింటోంది. మా అత్త పక్కన కూర్చుని, ఆవిడ వదిలేసిన దుంప తీసుకుని కొరుకుతోంది. క్షమించానని పరాస్కా ఆ రోజు అనలేదు, ఆ తర్వాత అన్నట్టు కూడా నేను వినలేదు. కానీ వసంతానికి కాస్త ఒళ్ళు చేసింది, సిమియోన్‌ని ఒక్కతే ఎత్తి కిటికీ దగ్గర కూర్చోబెట్టగలిగింది.

ఉపవాసాలు, పండగలు అన్నీ అయ్యాక దిగువ వీధిలో పెళ్ళి వచ్చింది. వంటకి మా అత్తనే పిలిచారు. మాంసం, పక్కటెముకలు, కొవ్వు అన్నీ ఎప్పటిలాగే. చుట్టడం అయింది, కుండలు ఉడికాయి. మా అత్త మూత తీసి గరిటెతో ఊట తీసింది. ఊదుకుంది. పెదవుల దాకా తెచ్చి ఆగిపోయింది. చుట్టూ ఆడవాళ్ళు ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. ఆవిడ నా మొహం చూడకుండా గరిటె నావైపు జరిపింది.

"ఎలా ఉందో చెప్పు."

నేను రుచి చూశాను. "బాగుందత్తా," అన్నాను.

"నిజం చెప్పు, రఫీలా."

"ఉప్పు తక్కువైంది."

"ఎంత వెయ్యను?" అని అడిగి, నేను చెప్పినంతా వేసి, మళ్ళీ గరిటె నాకే అందించింది.